బకెట్లో తేలే చిత్తడి నేల: కాలుష్యం కోసం ఏం కలపాలి?

చెరువుగట్టు
హైదరాబాద్ నెక్నాంపూర్ చెరువులో 2018లో వదిలిన తేలే పడక (నీళ్లను శుభ్రం చేసే మొక్కలు నాటిన తెప్ప) లాంటిది తొమ్మిదో తరగతి పిల్లలతో చేయించాలి. 20 లీటర్ల బకెట్లు రెండు: ఒకదాంట్లో మొక్కలు, రెండోదాంట్లో ఉత్త నీళ్లు. యూరియా కలపొచ్చా?

వట్టివేరు
యూరియా వద్దండి. అది నైట్రేటుగా మారడానికి రోజులు పడుతుంది. ఈలోపు నైట్రేటు కొలిచే స్ట్రిప్ రంగు మారదు, నీళ్లు బాగానే ఉన్నాయని పిల్లలు రాసేసుకుంటారు. ఎరువుల షాపులో 13-0-45 (పొటాషియం నైట్రేట్) అడగండి. 17 గ్రాములు లీటరు నీళ్లలో కరిగించి, ఒక్కో బకెట్‌కు 100 మిల్లీలీటర్లు పోస్తే లీటరుకు దాదాపు 50 మిల్లీగ్రాముల నైట్రేటు వస్తుంది. తాగునీటి పరిమితి 45. బోరు నీళ్లలో ముందే ఉండొచ్చు, కలపకముందు ఓసారి చూడండి. స్ట్రిప్ డబ్బా మీద ‘నైట్రేట్-నైట్రోజన్’ అనుంటే వచ్చిన అంకెను 4.43తో హెచ్చించాలి.

వాగు ఒడ్డు
రెండో బకెట్ ఉత్తది కాకూడదు. మొక్కల్లేని థర్మోకోల్ పడక దానికీ వేయాలి, లేకపోతే నీడ తేడానే మొక్కల గొప్పగా కనిపిస్తుంది. బకెట్ల చుట్టూ నల్ల కవర్ చుట్టండి. వెలుగు తగిలితే పాచి పట్టి, రెండిట్లోనూ నైట్రేటును అదే తినేస్తుంది.

పడకకు చిల్లులు పెట్టి, గోనె ముక్కలో గులకరాళ్లతో మెట్టతామర గానీ వట్టివేరు గానీ నిలబెట్టండి. జమ్ము ఎత్తు పెరిగి పడకను ఒరిగించేస్తుంది. వేళ్ల మట్టి పూర్తిగా కడిగి, రెండు వారాలు మామూలు నీళ్లలో ఉంచాకే మొదలుపెట్టండి. అంచుల సందుకు దోమతెర తప్పనిసరి.

కొలపాత్ర
అందరూ మరిచేది ఒకటుంది. మొక్కలు నీళ్లు తాగేస్తాయి, మట్టం పడిపోయి స్ట్రిప్ అంకె పెరుగుతుంది. మొక్కలే పాడుచేశాయని పిల్లలు అనుకుంటారు. కొలిచే ముందు రెండు బకెట్లలోనూ 20 లీటర్ల గీత దాకా ఆర్వో నీళ్లు పోసి కలపండి.

చెరువుగట్టు
బురద నీళ్లు పోస్తే? తేటపడటం కంటికి కనిపిస్తుంది కదా.

వట్టివేరు
బురద రెండు బకెట్లలోనూ దానంతటదే అడుక్కి దిగుతుంది, అందులో మొక్కల పని తక్కువ. బురదకు వేరే నమూనా కావాలి. రెండు ట్రేలలో ఒకే మట్టి, ఒకే వాలు. ఒకదాంట్లో గరిక మూడు వారాలు పెంచి, రెండిటినీ ముందే తడిపి, చెరో లీటరు బురద నీళ్లు పైనుంచి వదలండి. బురదను గరిక ఆపుతుంది. కరిగిన నైట్రేటు మాత్రం చాలావరకు దాటిపోతుంది. ఆ నీళ్లకూ స్ట్రిప్ పెట్టించండి, తేట నీళ్లన్నీ మంచి నీళ్లు కావని పిల్లలే చెబుతారు.

వాగు ఒడ్డు
నాలుగు వారాలకు ఆకులు కోయించండి. కొన్ని మూడో బకెట్లో కుళ్లబెట్టి అమ్మోనియా స్ట్రిప్‌తో చూస్తే, పీల్చిన నత్రజని మళ్లీ నీళ్లలోకి ఎలా వస్తుందో తెలుస్తుంది. చెరువులో పడకలను ఎందుకు కోస్తూ ఉండాలో అప్పుడు అడగండి.