రంధ్రాలతో అయ్యేదానికి కోత ఎందుకు?

చందు_77:
అమ్మకి గాల్ బ్లాడర్‌లో రాళ్లు. వచ్చే వారం లాప్రోస్కోపీ, అదే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి చేసే ఆపరేషన్. ఇవాళ సంతకానికి ఇచ్చిన కాగితంలో "అవసరమైతే ఓపెన్ ఆపరేషన్‌కి మారుస్తాం" అని ఉంది. నాకు అక్కడే తేడా కొట్టింది. కెమెరాతో చేయడం చేతకానివాళ్లే కదా పొట్ట కోసేది? ఆ లైను కొట్టేసి సంతకం పెడదామనుకుంటున్నా. ఏమంటారు?

పద్మజ_కె:
నాకు అయ్యి రెండేళ్లు. నాలుగు రంధ్రాలు. బొడ్డు దగ్గరది సెంటీమీటరు ఉంటుందేమో, మిగతావి వెతికితే గానీ కనపడవు. మర్నాడు పొద్దున నా అంతట నేనే లేచి బాత్రూమ్‌కి వెళ్లా. మా అత్తగారికి ఇదే ఆపరేషన్ పాత పద్ధతిలో చేశారు. కుడి పక్కటెముకల కింద జానెడు కోత. దగ్గొస్తే దిండు పొట్టకి అదుముకుని దగ్గేవారు పాపం. అది చూశాక నా ఓటు రంధ్రాలకే. ఒక్క సంగతి మాత్రం నాకెవరూ ముందు చెప్పలేదు. ఆపరేషన్ పొట్టకైతే నొప్పి కుడి భుజంలో! గుండెకేమైనా అయిందేమోనని హడలిపోయా.

ఓటీ_సిస్టర్:
అది గ్యాస్ నొప్పి పద్మజ గారూ. లోపల చోటు కోసం పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కిస్తాం. అది పైన, ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొరని (డయాఫ్రమ్) రేపుతుంది. దాని నరమూ భుజానికెళ్లే నరాలూ మెడలో ఒకే చోట మొదలవుతాయి కాబట్టి మెదడు భుజం నొప్పి అనుకుంటుంది.

చందు గారూ, దండం పెడతా, ఆ లైను మాత్రం కొట్టేయకండి. చీము పట్టి వాచిన గాల్ బ్లాడర్ చాలాసార్లు చుట్టుపక్కల వాటికి అతుక్కుపోయి ఉంటుంది. నాళం మూయడానికి క్లిప్పు వేసే ముందు సర్జన్ ఆగి చూడాల్సింది ఒకటే: గాల్ బ్లాడర్ సంచిలోకి వెళ్లేవి రెండే రెండు, ఒక నాళం, ఒక రక్తనాళం. ఆ రెండూ విడివిడిగా కనపడకపోతే, సంచి నాళం అనుకుని కాలేయం నుంచి పేగుకి పైత్యరసం వెళ్లే అసలు పైత్యనాళానికే క్లిప్పు పడొచ్చు. అది జీవితాంతం వెంటాడే దెబ్బ. లెన్సు మీద రక్తం చింది స్క్రీనంతా ఎర్రగా అయితే, తుడిచి పెట్టేసరికి మళ్లీ ఎరుపే. అప్పుడు "ఓపెన్ ట్రే ఇవ్వండి సిస్టర్" అని కోతకి కావాల్సిన పనిముట్లు అడిగే సర్జన్‌నే నేను నమ్ముతా. చేతకాక అనే మాట కాదది.

విశ్వం:
చిన్న రంధ్రం అంటే చిన్న ఆపరేషన్ అనుకోవడమే తప్పు. లోపల చేసే పని అదే. తొలి దశ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మీద 2018లో వచ్చిన పెద్ద పరిశోధన చూడండి. నాలుగున్నరేళ్లకి జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు కోత పద్ధతిలో 96.5 శాతం, కీహోల్ (ఈ రంధ్రాల పద్ధతే), రోబో పద్ధతుల్లో 86 శాతం. మచ్చ కనపడకపోతే ఏం లాభం?

రాఘవ_ఆర్:
అది ఆ క్యాన్సర్‌కి, విశ్వం గారూ. అన్నిటికీ అంటగడితే ఎలా? పెద్దపేగు క్యాన్సర్ మీద 2004లో 872 మందితో వచ్చిన అధ్యయనంలో మూడేళ్లకి తిరగబెట్టింది కీహోల్‌లో 16 శాతం, కోతలో 18 శాతం. సమానమే అన్నమాట. అసలు 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె మొదటిసారి గాల్ బ్లాడర్‌ని ఇలా తీసినప్పుడు తోటి సర్జన్లు ఎగతాళి చేశారు. 1992లో వాళ్ల సంఘమే పిలిచి సత్కరించింది.

విశ్వం:
మీరు చెప్పిన ఆ అధ్యయనంలోనే ఆసుపత్రిలో ఉన్నది కీహోల్‌లో 5 రోజులు, కోతలో 6 రోజులు. ఒక్కరోజు తేడాకి ఇంత హడావుడా?

పద్మజ_కె:
ఆ ఒక్కరోజు మీరు పడుకుని చూడండి సార్, తెలుస్తుంది 🙂

ఓటీ_సిస్టర్:
అన్ని జబ్బులకీ ఒకే పద్ధతి మంచిదంటూ మాట్లాడితే తెగదు. వాపు లేని గాల్ బ్లాడర్‌కి కీహోలే, నాకు అనుమానం లేదు. క్యాన్సర్ అయితే ఏ క్యాన్సరో, ఏ దశో తేలాకే మాట. చందు గారూ, పద్ధతి సంగతి తర్వాత. ఇలాంటివి మీరు ఎన్ని చేశారు, ఎన్నిట్లో ఓపెన్‌కి మారాల్సొచ్చింది అని డాక్టర్‌ని అడగండి. విసుక్కుంటే ఇంకో డాక్టర్ని చూసుకోండి.

చందు_77:
అడిగాను. ఆయన విసుక్కోలేదు, కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. లైను కొట్టేయకుండానే సంతకం పెట్టా. పద్మజ గారూ, ఆ భుజం నొప్పి ఎన్నాళ్లుంది? అమ్మకి ముందే చెప్పి ఉంచుతా.

పద్మజ_కె:
రెండు రోజులండీ. కాస్త అటూ ఇటూ నడిస్తే సర్దుకుంది.