వైవిధ్యాల కొలతలు: మీ అనుభవాలు చెప్పండి

వేపచెట్టు మాస్టారు: పదో తరగతి పిల్లలకు అనువంశికత (తల్లిదండ్రుల లక్షణాలు సంతానానికి రావడం), వైవిధ్యాల (ఒకే జాతి జీవుల మధ్య ఉండే తేడాల) పాఠం చెబుతూ, మా బడి ఆవరణలోని వేపచెట్టు ఆకుల పొడవు కొలిచి రమ్మన్నాను. ఒక జట్టుకు సగటు 6 సెంటీమీటర్లు, మరో జట్టుకు 24 సెంటీమీటర్లు వచ్చింది. తీరా చూస్తే మొదటి జట్టు విడి పత్రకాన్ని (కాడకు అటూ ఇటూ ఉండే చిన్న ఆకును), రెండో జట్టు పత్రకాలన్నీ ఉన్న సంయుక్త పత్రాన్ని కొలిచాయి. ఆకు అంటే ఏది కొలవాలో నేనే చెప్పలేదు కనుక తప్పు నాదే. మీరు ఈ పని ఎలా చేయిస్తున్నారు?

శనగచేను: మేము వేరుశనగ కాయలతో చేయించాము. కాయ పొడవు అవిచ్ఛిన్న వైవిధ్యం. 27 మిల్లీమీటర్లకూ 28కీ మధ్య ఎన్ని విలువలైనా ఉండవచ్చు. కాయలోని గింజలు మాత్రం ఒకటో, రెండో, మూడో ఉంటాయి తప్ప రెండున్నర ఉండవు. అలాగని దీన్ని రక్తవర్గాల పక్కన చేర్చడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే గింజల సంఖ్యకు సగటు కట్టవచ్చు గాని ఏ, బీ, ఏబీ, ఓ వర్గాలకు సగటు అనే మాటకే అర్థం లేదు. గింజ కట్టని కాయను సున్నాగా రాయాలా, పక్కన పెట్టాలా అన్నది ముందే తేల్చుకోండి. మా దగ్గర సగం పిరియడు ఆ వాదనకే సరిపోయింది.

గుణకాల గోపురం: మాస్టారూ, కొలత కన్నా పెద్ద చిక్కు ఒకటి మీ ప్రయోగంలో ఉంది. ఒకే చెట్టు ఆకులన్నిటిలో ఉన్నవి దాదాపు ఒకే జన్యువులు కాబట్టి, వాటి పొడవుల్లో కనిపించే తేడా ఎండ, నీడ, ఆకు వయసు, కొమ్మపై దాని స్థానం వంటి వాటి వల్ల వచ్చినదే గాని అనువంశికమైనది కాదు. డెన్మార్క్ శాస్త్రవేత్త యోహాన్సెన్ 1903లో చిక్కుడు జాతి గింజలతో చూపించినది ఇదే: స్వపరాగ సంపర్కంతో వచ్చిన ఒకే శుద్ధ వంశక్రమంలోంచి పెద్ద గింజలు ఏరి నాటినా, చిన్నవి ఏరి నాటినా, తరువాతి తరం గింజల సగటు బరువు ఇంచుమించు ఒకటిగానే వచ్చింది. అనువంశికత పాఠానికి వేర్వేరు చెట్ల నుంచి, ఒకే ఎత్తులో, ముదిరిన ఆకులనే తీసుకోవడం మేలు. అప్పుడు కూడా నేల, నీరు కలిగించే తేడా పూర్తిగా తొలగిపోదు.

టేపు పట్టిన చేయి: పిల్లల ఎత్తులు కొలిచేవారు పొద్దున, సాయంత్రం కలపకండి, వెన్నుపూసల మధ్య డిస్కులు నొక్కుకుపోవడం వల్ల సాయంత్రానికి మనిషి ఎత్తు సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతుంది. నేను ఒకే పిల్లవాడిని ముగ్గురి చేత విడివిడిగా కొలిపిస్తాను. ఆ మూడు అంకెల మధ్య తేడా మన చేతి దోషమే గనుక, దాన్ని తరగతి మొత్తం వ్యాప్తితో పోల్చి చూస్తే కొలతను ఎంతవరకు నమ్మవచ్చో తెలుస్తుంది. నలభై మంది ఎత్తులను గుంపులుగా విడగొట్టేటప్పుడు ఒక్కో గుంపు వెడల్పు (తరగతి అంతరం) 1 సెంటీమీటరు పెడితే సోపాన చిత్రం (హిస్టోగ్రామ్) పళ్ళూడిన దువ్వెనలా వస్తుంది. 5 పెట్టినప్పుడు గంట ఆకారం కొంత కనబడింది.

నాలుక మడత: విచ్ఛిన్న వైవిధ్యానికి (మధ్య స్థాయిలు లేకుండా విడివిడి వర్గాలుగా ఉండే తేడాకు) నాలుక మడవడాన్ని ఉదాహరణగా ఇంకా చెబుతున్నవారు మానుకోవాలని మనవి. అది ఒకే జన్యువు లక్షణమని 1940లో అమెరికా జన్యు శాస్త్రవేత్త స్టర్టివెంట్ ప్రతిపాదించారు గాని, 1952లో ఒకే జన్యువులుండే సమరూప కవలలను పరిశీలించినప్పుడు కొన్ని జంటల్లో ఒకరు మడవగలిగారు, మరొకరు మడవలేకపోయారు. మా తరగతిలో ఒక అమ్మాయి వారం రోజులు సాధన చేసి "లేదు" గడిలోంచి "అవును" గడిలోకి మారిపోయింది! రక్తవర్గాలతో ఆ ఇబ్బంది లేదు. వాటికి కమ్మీ చిత్రం గీసి, కమ్మీల మధ్య ఖాళీ వదిలితే చాలు.

వేపచెట్టు మాస్టారు: గోపురం గారూ, ఒకే చెట్టు సంగతి నాకు తట్టనే లేదు. ఈసారి ఊళ్ళోని పది వేపచెట్ల నుంచి, చెట్టుకు ఇరవై చొప్పున, కొమ్మ చివరి నుంచి ఐదో సంయుక్త పత్రాన్ని కోయించి, ఒక్కో చెట్టు లోపలి తేడాను, చెట్లకు చెట్లకు మధ్య ఉన్న తేడాను రెండు వేర్వేరు పట్టికల్లో రాయిస్తాను. అంకెలు రాగానే ఇక్కడే పెడతాను.