పోలియో నవలలో “నయమైంది” అనాలా, “కోలుకుంది” అనాలా, “తేరుకుంది” అనాలా?

1952లో అమెరికాలో ఒక పోలియో వార్డు, అందులో 14 నుంచి 17 ఏళ్ల పిల్లలు నలుగురు, వాళ్ల మీద నవల రాస్తున్నాను. ఆ ఒక్క ఏడాదే అక్కడ దాదాపు 58 వేలమందికి పోలియో సోకింది, సాల్క్ టీకా రావడానికి ఇంకా మూడేళ్లుంది. చరిత్ర సంగతుల దగ్గర కాదు, నేను ఆగిపోయింది ఒక్క మాట దగ్గర. ఒకమ్మాయికి జ్వరం తగ్గింది, ప్రాణభయం లేదు, ఎడమకాలు మాత్రం ఇక రాదు. ఆమెకు ఏమైందని రాయాలి?

“నయమైంది” అని రాసి కొట్టేశాను. వైరస్ పోతుంది గానీ వెన్నుపాములో అది చంపిన నరకణాలు తిరిగి రావు కదా. “గండం గడిచింది” జ్వరం దిగిన రాత్రికి సరిపోయింది, అక్కడే ఉంచాను.

అసలు చిక్కు “లేచి తిరుగుతోంది”తో వచ్చింది. మనకి జబ్బంటే మంచాన పడటం, బాగవడమంటే లేచి తిరగడం. మరి లేచి తిరగలేని పిల్ల ఎప్పటికీ బాగవనట్టేనా? ఆ మాట కథ చెప్పే గొంతులోంచి తీసేసి, చూడ్డానికొచ్చిన ఒక పెద్దావిడకి ఇచ్చాను. “ఎప్పుడు లేచి తిరుగుతుందమ్మా” అని ఆవిడ ప్రేమగానే అడుగుతుంది, పిల్ల గోడవైపు తిరిగి వింటూ ఉంటుంది.

“కోలుకోవడం” కండరాలకి ఉంచాను. ఉన్నిగుడ్డ ముక్కల్ని మరిగే నీళ్లలోంచి తీసి, పిండి, కాళ్లకు చుట్టేవాళ్లు, వార్డంతా తడి ఉన్ని వాసన. అలా వారాలు గడిచాక ఓ పొద్దున కుడికాలి బొటనవేలు కొంచెం కదులుతుంది. అక్కడ “కోలుకుంటోంది” తప్ప ఇంకో మాట పడలేదు.

మనసుకి మాత్రం “తేరుకోవడం”. బురదనీళ్లు కదపకుండా ఉంచితే పైన తేరుకుంటాయి, మట్టి ఎక్కడికీ పోదు, అడుగునే ఉంటుంది. ఆ అమ్మాయి సరిగ్గా అలాగే ఉంది, ఎవరైనా కదిపితే మళ్లీ కలకే. ఈ మాట దొరికిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఇంకొకటి మిగిలింది. ఐరన్ లంగ్‌లో, అంటే మెడ దాకా ఒంటిని మూసి ఊపిరాడించే పెద్ద గొట్టంలాంటి యంత్రంలో, ఒక అబ్బాయి ఉన్నాడు, ఊపిరి యంత్రానిది, అది ఊపిరి వదిలినప్పుడే వాడు మాట్లాడగలడు. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి వాడేం అడుగుతున్నాడో తెలియాలంటే పక్కనున్నవాళ్లు ఇంకో ఊపిరి దాకా ఆగాలి, ఆ ఎదురుచూపు రాయడం నాకు చాలా ఇష్టంగా ఉంది. వాణ్ణి రోజుకు రెండు నిమిషాలు, తర్వాత ఐదు నిమిషాలు బయట ఉంచి సొంత ఊపిరి అలవాటు చేస్తారు. పాలు మాన్పించినట్టు దీన్ని “యంత్రం మాన్పించడం” అని రాశాను. మీ చెవికి ఎలా ఉంది?