ముఖం సరే, చదువు కూడా పైపూతేనా? తాల్ముదులోని ఏటి ఒడ్డు కథపై చర్చ

తామరాకు:
యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథం తాల్ముదులో తానీత్ అనే భాగంలో ఒక కథ ఉంది. రబ్బీ (యూదు ధర్మగురువు) ఎలాజర్ బెన్ షిమోన్ తన గురువు ఇంటి నుంచి గాడిద మీద ఏటి ఒడ్డున వస్తున్నాడు. ధర్మశాస్త్రం చాలా చదివానన్న పొంగు మనసు నిండా ఉంది. ఎదురైన ఒక అనాకారి "అయ్యా, మీకు శాంతి" అన్నాడు. ఈయన బదులు పలకకపోగా, "వట్టివాడా, ఎంత వికారంగా ఉన్నావు! మీ ఊరివాళ్లంతా ఇలాగే ఉంటారా?" అని అడిగాడు. "నాకు తెలియదు. నన్ను చేసిన పనివాడి దగ్గరికి వెళ్లి, నీ పాత్ర ఎంత వికారంగా ఉందో అని ఆయనకే చెప్పు" అన్నాడు ఆ మనిషి.

రూపం కాదు, గుణం చూడాలని చెప్పడానికి ఈ కథ వాడుతుంటారు. నాకు అది చాలదు. ఆ అనాకారి గుణవంతుడని కథ ఎక్కడా చెప్పలేదు. బయటపడింది పండితుడి లోపలి సంగతి. అంత చదువూ ఆయనకు ఒంటిమీది నగ అయింది, ఒంట్లో రక్తం కాలేదు. గుణం లేని పాండిత్యాన్ని యూదు గురువులు అందంలాగే పైపూతగా ఎంచారని నా వాదన. కాదనేవారు చెప్పండి.

పడమటిగాలి:
కాదంటాను. చదువులేనివాడు భక్తుడు కాలేడని హిల్లేల్ అనే గురువు మాట, యూదు గురువుల సూక్తుల గ్రంథం పిర్కే ఆవోత్ రెండో అధ్యాయంలో ఉంది. లోద్ అనే ఊళ్లో ఒక మేడగదిలో రబ్బీల మధ్య చదువు గొప్పదా, ఆచరణ గొప్పదా అన్న ప్రశ్న వచ్చింది. ఆచరణ అన్నాడు తర్ఫోన్. చదువు అన్నాడు అకీవా. ఆచరణకు దారితీస్తుంది కాబట్టి చదువే గొప్పదని అందరూ తేల్చారు. అందం ఎవరిని ఏ మంచిపనికి నడిపించింది? మీ కథలోని రబ్బీనే చూడండి. తప్పు తెలియగానే గాడిద దిగి ఆ మనిషికి సాష్టాంగపడ్డాడు. నగలు అలా దించవు.

వెన్నెలవాకిలి:
అందాన్ని మీరిద్దరూ మరీ తేలిగ్గా తీసేస్తున్నారు. రాజును ఎంచేటప్పుడు దావీదు అన్న ఏలీయాబు రూపాన్నీ ఎత్తునూ చూడవద్దని దేవుడు ప్రవక్త సమూయేలుకు చెప్పిన బైబిల్ అధ్యాయమే, అయిదు వచనాలు దాటగానే దావీదు కళ్లు చక్కనివని చెబుతుంది. రబ్బీ యోహానాన్ ఎంతో అందగాడు. జబ్బుపడిన రబ్బీ ఎలాజర్ (ఈయన వేరే ఎలాజర్) ఆయన్ను చూసి, ఈ అందం మట్టిలో కలిసిపోతుందే అని ఏడ్చాడు. దానికైతే ఏడవాల్సిందేనని యోహానాన్ కూడా ఏడ్చాడు. అందాన్ని లెక్కచేయనివారు అలా ఏడుస్తారా?

తామరాకు:
వెన్నెలవాకిలి గారూ, ఒప్పుకుంటున్నాను. తొందరపడి రాశాను.

పడమటిగాలి గారికి: సాష్టాంగంతో కథ ముగియలేదు. ఆ మనిషి క్షమించలేదు. రబ్బీ ఊరిదాకా వెంట నడిచాడు. ఊరివాళ్లు "గురువుగారూ" అంటూ ఎదురొస్తే, "ఈయన గురువైతే ఇలాంటివారు ఇశ్రాయేలులో ఎక్కువ కాకూడదు" అన్నాడతడు. పెద్ద పండితుడు, క్షమించమని వాళ్లు బతిమాలారు. "మీ కోసం క్షమిస్తాను, మళ్లీ ఇలా చేయకూడదు" అన్నాడు. పాండిత్యం కోసం అనలేదు, మీ కోసం అన్నాడు. కథకు ప్రాణం ఆ మాటలో ఉంది.

పడమటిగాలి:
అక్షరాలా అలాగే ఉంది, కాదనను. కానీ మీ వాదన ఎక్కడికి తీసుకుపోతుందో తాల్ముదులోని బెరఖోత్ అనే భాగం చెబుతుంది. లోపలా బయటా ఒకేలా లేని విద్యార్థి పాఠశాలలోకి రాకూడదని దాని పెద్ద రబ్బాన్ గమలియేలు నియమం. వాకిట కావలివాడు ఉండేవాడు. గమలియేలును పదవి నుంచి దించిన రోజున కావలివాణ్నీ తీసేశారు. ఆ ఒక్క రోజే 400 బల్లలు కొత్తగా వేయాల్సి వచ్చిందని ఒకరు, 700 అని మరొకరు చెప్పారు. ఇంతమందికి ధర్మశాస్త్రం దక్కకుండా చేశానేమో అని గమలియేలే కుంగిపోయాడు. గుణం తేలాకే చదువు అంటే ఆ పిల్లలంతా వీధిలోనే ఉండేవారు. చదువుతూ చదువుతూ లోపల మారేవాళ్లు లేరా? నాకు తెలిసి చాలామంది అలా మారినవారే.

తామరాకు:
కావలివాడి విషయంలో మీదే సరైన మాట. నేను అక్కడి నుంచి వెనక్కి వస్తున్నాను.

అయితే గమలియేలును ఎందుకు దించారో కూడా రాయాలి. రబ్బీ యెహోషువ బెన్ హనన్యాను అందరి ఎదుటా నిలబెట్టి అవమానించాడని. తాల్ముదులోనే మరో కథలో చక్రవర్తి కూతురు "ఇంత జ్ఞానం ఇంత వికారమైన పాత్రలోనా" అన్నది ఈ యెహోషువనే. తర్వాత గమలియేలు ఆయన్ను శాంతింపజేయడానికి ఇంటికి వెళ్లాడు. గోడలు నల్లగా మసిబారి ఉన్నాయి. "మీరు బొగ్గులు చేసేవారని మీ గోడలే చెబుతున్నాయి" అన్నాడు. "నువ్వు నాయకుడివైన ఈ తరానికి అయ్యో! పండితులు ఏ కష్టంతో బతుకుతున్నారో నీకు తెలియదు" అన్నాడు యెహోషువ.

విద్యార్థుల లోపలిని కొలుస్తానని వాకిట కావలి పెట్టిన మనిషి, అన్నేళ్లు తన పక్కన కూర్చున్నవాడి ఇంటి గోడలు చూడలేదు. క్షమించమని అడిగితే యెహోషువ మొదట పట్టించుకోలేదు. "మా తండ్రిగారి మీద గౌరవంతోనైనా" అని అడిగాకే శాంతించాడు.