వైరస్ కణానికి ‘కూర్పు’ తగునా, ‘అమరిక’ తగునా?

ప్రశ్న (తిరుపతి): మొక్కల వైరస్‌లపై పరిశోధన చేస్తున్న మా అమ్మాయి తెలుగులో వ్యాసం రాస్తూ, కణం తనంతట తాను తయారయ్యే తీరుకు ‘స్వయం కూర్పు’ అని పెట్టింది. ఇది సాధువేనా?

జవాబు: అయ్యా, ‘కూర్పు’కు మూలమైన ‘కూర్చు’ సకర్మక క్రియ. దండ కూర్చాలంటే కూర్చే చెయ్యి ఉండాలి. పొగాకు ఆకులకు మచ్చల తెగులు తెచ్చే పొగాకు మొజాయిక్ వైరస్‌లో అలాంటి చెయ్యి లేదు. దాని కణం 300 నానోమీటర్ల పొడవు, 18 నానోమీటర్ల మందం గల బోలు కడ్డీ. ఒకే రకం ప్రోటీన్ అణువులు సుమారు 2130, మూడు చుట్లకు 49 చొప్పున సర్పిలంగా (మరమెట్లలా మెలికగా) పేరుకొని, ఒక్కొక్కటి వైరస్ జన్యు సమాచారం మోసే పోగైన ఆర్‌ఎన్‌ఏలోని మూడేసి న్యూక్లియోటైడ్లను (ఆ పోగు కట్టుబడిలోని చిన్న భాగాలను) పట్టి ఉంచుతాయి. శాస్త్రవేత్త ఆరన్ క్లుగ్ బృందం 1970లలో వివరించిన ప్రకారం, ప్రోటీన్లు ముందు వరుసకు 17 చొప్పున రెండు వరుసల బిళ్ళలవుతాయి; ఆర్‌ఎన్‌ఏలోని ఒక మెలిక బిళ్ళ నడిమి రంధ్రంలో దూరి వరుసల మధ్య ఇరుక్కోగానే బిళ్ళ సర్పిలంగా మారి, కడ్డీ పెరిగేకొద్దీ మిగిలిన పోగు ఆ రంధ్రం గుండానే పైకి వస్తూ ఉంటుంది. ఆమ్ల ద్రావణంలో ఆర్‌ఎన్‌ఏ లేకున్నా ప్రోటీన్లు కడ్డీలవుతాయి గానీ, వాటి పొడవుకు అదుపుండదు. ఇందులో కూర్చేవారెవరూ కనబడరు గనుక, అకర్మకమైన ‘అమరు’ నుంచి వచ్చిన ‘అమరిక’ మేలు. ముందు ‘స్వయం’ అనే మాట కూడా అక్కరలేదు.

మరొకరు (చిత్తూరు): ‘మార్పు’ సంగతేమిటండీ? ‘వాతావరణంలో మార్పు’ అంటే ఎవరో మార్చారని ఎవరూ అనుకోరు. పైగా ‘అమరిక’ అనగానే ఉన్న స్థితి తోస్తుంది తప్ప జరిగే పని తోచదు.

జవాబు: మీ రెండో అభ్యంతరం బలమైనదే. స్థితికి ‘నిర్మాణం’ ఉంచి, పనికి ‘అమరడం’ అని క్రియారూపమే వాడితే చిక్కు తీరుతుంది. 1955లో ఫ్రెంకెల్-కాన్రాట్, విలియమ్స్ అనే శాస్త్రవేత్తలు పొగాకు మొజాయిక్ వైరస్ నుంచి విడదీసిన ప్రోటీన్‌ను, ఆర్‌ఎన్‌ఏను కలిపితే తెగులు సోకించగల కణాలు మళ్ళీ ఏర్పడ్డాయి. ‘కలిపారు’కు వారు కర్తలు, ‘అమరాయి’కి ప్రోటీన్లే కర్తలు. ఇక మన మదనపల్లె వైపు టమాటాకు ఆకుముడత తెచ్చే వైరస్ కణం, ఇరవై ముఖాలుండే గుల్లలు అసంపూర్ణమైనవి రెండు, మొత్తం 110 ప్రోటీన్లతో ఒకటిగా అతుక్కున్న రూపం. దానిని ‘జంట కణం’ అంటే రెండు కణాలని పొరబడతారు. ‘జమిలి కణం’ అని రాస్తే మేలు.