పహావ్ హ్మోంగ్ లిపి: రాసే వరుసా, పలికే వరుసా?

గుణింతం:
లావోస్, వియత్నాం, అమెరికాల్లో ఉన్న హ్మోంగ్ ప్రజల లిపుల్లో పహావ్ ఒకటి. అందులో అచ్చును ముందు, హల్లును తర్వాత రాస్తారు. చదివేటప్పుడు మాత్రం హల్లే ముందు. 2014లో యూనికోడ్ (కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే ప్రమాణం) 7.0లో చేర్చినప్పుడు కంటికి కనిపించే వరుసనే ఖాయం చేశారు. నా ఉద్దేశంలో అది పొరపాటు. హిందీ 'కి'లో గుడి హల్లుకు ఎడమన కనిపిస్తుంది, కానీ ఫైల్లో హల్లే ముందుంటుంది. తిప్పి చూపే పని ఫాంటుది. నిఘంటువు వరుసలో పెట్టాలంటే పలికే వరుసే సుఖం కదా?

పొల్లునకారం:
మన గుణింతం లెక్క ఆ లిపికి పనికిరాదండీ. మన 'క'లో 'అ' దాగి ఉంటుంది. అక్కడ అచ్చు ఒక్కటే రాస్తే ముందు 'క్' ఉన్నట్టు చదవాలి. యూనికోడ్ పట్టికలో మొదటి 28 గళ్లు అచ్చులవి. వాటి పేర్లన్నీ 'క్'తోనే మొదలవుతాయి. స్వరస్థాయి (గొంతు ఎత్తు, దింపు) గుర్తులు కూడా అచ్చు నెత్తినే కూర్చుంటాయి. అంటే అక్కడ అచ్చే ఇంటిపెద్ద. మీరు అడిగే తిప్పుడు ఒక చిన్న గుర్తును కాదు, ఆ పెద్దనే వెనక్కి నెడుతుంది. చదువురాని షోంగ్ లూ యాంగ్ 1959లో ఈ లిపి కట్టి, 1971లో హత్యకు గురయ్యేవరకు దిద్దుతూనే వచ్చారు. అంత ఆలోచించి పెట్టిన వరుసను మన సౌకర్యం కోసం మార్చకూడదు.

గుణింతం:
గౌరవం సరే. అకారాది క్రమం సంగతి? సాఫ్ట్‌వేర్ రాసేవాడికి తలనొప్పేగా.

పొల్లునకారం:
థాయ్, లావో లిపుల్లో ఎడమన రాసే అచ్చుల్ని అలాగే భద్రపరుస్తారు. క్రమంలో పెట్టేటప్పుడు మాత్రం ప్రోగ్రామ్ వాటిని తిప్పుకుంటుంది. వెతకడానికైతే తిప్పే పనే లేదు, అందరూ ఒకే వరుసలో టైప్ చేస్తే చాలు.

తాళపత్రం:
చైనాలోని తాయ్ ల్యూ ప్రజల కొత్త తాయ్ ల్యూ లిపి సంగతి చూడండి. మొదట పలికే వరుసలోనే పెట్టారు. జనం మాత్రం రాసే వరుసలోనే టైప్ చేస్తూ వచ్చారు. చివరికి 2015లో, యూనికోడ్ 8.0లో, పద్ధతినే మార్చాల్సి వచ్చింది. ఒకసారి ఖాయం చేసినదాన్ని కదపడానికి యూనికోడ్ వాళ్లు మామూలుగా ఒప్పుకోరు.

గుణింతం:
తాయ్ ల్యూ విషయం బలమైనదే. అయినా థాయ్‌కి ఒక దేశం అండ ఉంది. హ్మోంగ్ వాళ్లలో ఎక్కువమంది రోమన్ అక్షరాల్లోనే రాస్తారు. పహావ్ కోసం ఆ ప్రోగ్రామ్ ఎవరు రాస్తారు?

పొల్లునకారం:
పలికే వరుస పెట్టినా తిప్పి చూపే ఫాంటు ఎవరో ఒకరు చేయాలిగా! అది లేని ఫోన్‌లో మాట తారుమారుగా కనిపిస్తుంది. ఇప్పుడున్న పద్ధతిలో మామూలు ఫాంటుతోనే సరిగ్గా చదవొచ్చు. అండ లేని లిపికి ముందు కావాల్సింది అదే.