ఊరు పేరు కొడితే వేరే ఊరి కిరాయి వస్తోంది, వీలుకప్‌లో నా తప్పేటి?

పర్లాకిమిడి కొట్టు:
మాది హోల్‌సేల్ కిరాణా. సరుకు చుట్టుపక్కల ఊళ్లకి ఆటోల్లో వెళ్తుంది. ఎక్సెల్‌లో ‘కిరాయి’ అనే షీట్‌లో ఏ కాలమ్‌లో ఊరు, బి కాలమ్‌లో కిరాయి పెట్టుకున్నాను, బిల్లులో ఊరు కొడితే ఆ జాబితాలో వెతికి కిరాయి తేవాలని =వీలుకప్(డి2,కిరాయి!ఏ2:బి90,2) రాశాను. పైన కొన్ని బాగానే వచ్చాయి, కిందికి లాగేసరికి కొన్నిచోట్ల దొరకలేదని #ఎన్/ఏ, నిన్నయితే కాశీనగర్ బిల్లులో గుణుపురం కిరాయి పడింది. దీనికంటే ఖాతా పుస్తకమే నయం అంటున్నారు మా నాన్న.

రాయగడ అన్న:
తమ్ముడూ, అచ్చం అదే పేరు వెతకమని చెప్పే ఫాల్స్ చివర ఏది? అది రాయకపోతే జాబితా అక్షరక్రమంలో ఉందనుకొని, దగ్గర్లో ఏది తగిలితే దాని కిరాయి ఇచ్చేస్తుంది. నువ్వేమో ఆటో వెళ్లే దారి వరసలో రాసుకొని ఉంటావు. #ఎన్/ఏ వస్తే కనీసం కంటికి కనిపిస్తుంది, తప్పు అంకె పడితే పార్టీ ఫోన్ చేసేదాకా తెలీదు. ఇంకోటి, డాలర్ గుర్తులు లేవు, కిందికి లాగే కొద్దీ ఏ2:బి90 కాస్తా ఏ3:బి91 అయిపోయి పై ఊళ్లు జారిపోతాయి. ఏ2:బి90 సెలెక్ట్ చేసి ఎఫ్4 నొక్కు, డాలర్లు పడి కదలకుండా ఉంటుంది.

బరంపురం:
ఎక్సెల్ 2021 గానీ 365 గానీ ఉంటే ఎక్స్‌లుకప్ వాడండి, ఫాల్స్ గొడవే లేదు, దొరక్కపోతే ఏం చూపించాలో కూడా అందులోనే రాయొచ్చు. పాతదైతే ఇండెక్స్, మ్యాచ్ కలిపి వాడండి. రేపు మధ్యలో ఇంకో కాలమ్ దూర్చినా చెదరదు, వీలుకప్‌లో ఆ 2 అలాగే ఉండిపోతుంది.

పర్లాకిమిడి కొట్టు:
థ్యాంక్స్ అన్నా, రెండూ సరిచేశాను, తప్పు కిరాయిలు పోయాయి. కానీ 14 బిల్లుల్లో ఇంకా #ఎన్/ఏ. పేర్లు జాబితాలో ఉన్నాయి, నా కళ్లతో చూశాను!

జయపురం లెక్కలు:
కళ్లతో చూస్తే సరిపోదు బాబూ, పేరు చివర ఒక్క స్పేస్ ఉన్నా దానికి అది వేరే ఊరే. ముందు డి2 బదులు ట్రిమ్(డి2) పెట్టి చూడు, జాబితాలో పేర్లకీ అదే చెయ్యి. అసలు టెన్షన్ వేరే ఉంది, అది మన సరిహద్దు వాళ్లకి పుట్టుకతో వచ్చింది. మనం గుణుపురం అంటాం, ఒడియా వాళ్లు గుణుపూర్ అంటారు. బరంపురం, బ్రహ్మపూర్ ఒకటే. మీ ఊరి సంగతి చెప్పక్కర్లేదు, పర్లాకిమిడి, పారలాఖెముండి, ఇంగ్లీషులో కొడితే ఒక్కొక్కరిదీ ఒక్కో స్పెల్లింగు. పాత బిల్లుల కోసం ఈ పేర్లన్నీ కిరాయి షీట్‌లో వేరు వేరు వరసల్లో రాసి అదే కిరాయి వేసెయ్. కొత్త బిల్లులకి డేటా వాలిడేషన్‌లో డ్రాప్‌డౌన్ పెట్టు, పేరు కొట్టే పనే ఉండదు. ఊళ్లకి 101, 102 అని కోడ్‌లు ఇద్దామనుకుంటే మాత్రం జాగ్రత్త, ఒకచోట అంకెగా, ఇంకోచోట టెక్స్ట్‌గా పడితే మళ్లీ #ఎన్/ఏ.

పర్లాకిమిడి కొట్టు:
9 చోట్ల స్పేసే సార్! 4 చోట్ల గుణుపూర్ అని ఉంది, మా గుమస్తా ఒడియా అబ్బాయి. మిగిలిన ఒక్క ఊరు నిజంగానే జాబితాలో లేదు, దాని కిరాయి నాన్న ఖాతా పుస్తకంలో దొరికింది.